పన్ను ఎవరి వీపు మీద? అలబామా గవర్నరు లెక్క, మన కొలబద్ద

అమెరికాలో రాష్ట్ర గవర్నర్లకు మార్కులు వేసే ఆనవాయితీ ఒకటుంది. వాషింగ్టన్‌లోని కేటో ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1992 నుంచి రెండేళ్ళకోసారి ఈ పని చేస్తూ వచ్చింది. బడిపిల్లలకు ఇచ్చినట్టే 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా గ్రేడ్లుంటాయి. పన్నులు తగ్గించి, ఖర్చు కుదించిన గవర్నరు 'ఎ' గ్రేడు. పన్నులు పెంచి, ఖర్చు పెంచినవాడు 'ఎఫ్' గ్రేడు. పత్రికలు దాన్ని అచ్చేస్తాయి, పార్టీలు ఎన్నికల్లో వాడుకుంటాయి. అక్కడ గవర్నరంటే మన రాజభవన్‌లో ఉండే గవర్నరు కాదు. ప్రజలు నేరుగా ఎన్నుకున్న పాలకుడు. మన లెక్కలో ముఖ్యమంత్రి. బడ్జెట్ పెట్టేదీ, చట్టాన్ని వీటో చేసేదీ ఆయనే.

ఈ మార్కుల జాబితాలో దాపరికం ఏమీ లేదు. ప్రభుత్వం ఎంత చిన్నదైతే అంత మంచిదన్నది తమ నమ్మకమని ఆ సంస్థ బాహాటంగానే చెప్పుకుంటుంది. ఏ కొలబద్దతో కొలుస్తున్నామో చెప్పి మరీ కొలుస్తోంది. అందుకని మా పేచీ ఆ సంస్థ నిజాయితీతో కాదు, ఆ కొలబద్దతోనే. పన్ను పెరిగిందా, తగ్గిందా అని అది అడుగుతుంది. ఎవరి పన్ను పెరిగింది, ఎవరిది తగ్గిందని అడగదు. ఖర్చు పెరిగిందా అని అడుగుతుంది. ఆ ఖర్చు ఏ వాడ గడప దాటి లోపలికి వచ్చింది, ఏ వాడ పొలిమేరలోనే ఆగిపోయిందని అడగదు. ఈ రెండు ప్రశ్నలూ లేకుండా వేసిన మార్కు అణగారిన జనానికి సంబంధించినంతవరకు మార్కే కాదని మేమంటున్నాం. దీన్ని గాల్లో వాదించకుండా ఒక్క రాష్ట్రాన్ని, ఒక్క గవర్నరును తీసుకుని చూద్దాం. రాష్ట్రం అలబామా. గవర్నరు 2003 నుంచి 2011 దాకా పాలించిన బాబ్ రైలీ.

ఎక్కడి అలబామా, ఎక్కడి మనం అని కొందరు అడగొచ్చు. దీనికి జవాబు అంబేద్కరే ఇచ్చిపెట్టాడు. కులం మీద, రాజ్యాంగం మీద ఆయన రాసినవి మన ఇళ్ళల్లో ఉన్నాయి గానీ, ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివింది ముందుగా ఆర్థికశాస్త్రమనే సంగతి మనం తేలిగ్గా మర్చిపోతాం. బ్రిటిషిండియాలో రాష్ట్రాల రాబడి, ఖర్చుల వ్యవస్థ ఎట్లా పరిణమించిందో పరిశోధించి, 1925లో పుస్తకంగా అచ్చు వేయించాడు. దానికి ముందుమాట రాసింది ఆయన గురువు, పన్నుల శాస్త్రంలో పేరుపడ్డ ఎడ్విన్ సెలిగ్‌మన్. ఖజానా తాళం ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న అప్పుడే అంబేద్కర్ వేసుకున్నాడు. అంటవలసిన నీళ్ళెవరివి, అంటరాని నీళ్ళెవరివి అన్నది ఎంత కులప్రశ్నో, చెరువు తవ్వడానికి పన్ను ఎవరిదగ్గర వసూలు చేశారన్నది కూడా అంతే కులప్రశ్న.

1901: పన్నే గోడ

అలబామా పన్నుల కథ 1901లో రాసుకున్న రాజ్యాంగంతో మొదలవుతుంది. ఆ రాజ్యాంగసభకు అధ్యక్షత వహించిన జాన్ నాక్స్ తమ ఉద్దేశాన్ని దాచలేదు. దేశ రాజ్యాంగం పెట్టిన హద్దుల్లోపలే తెల్లజాతి ఆధిపత్యాన్ని చట్టబద్ధంగా నిలబెట్టడం తమ పని అని మొదటి ఉపన్యాసంలోనే చెప్పాడు. ఓటు వేయాలంటే చదువు పరీక్ష, ఆస్తి పరీక్ష పెట్టారు. దాంతోపాటు ఏడాదికి ఒకటిన్నర డాలరు తలపన్ను పెట్టారు. కట్టకపోతే పోయేది కాదది. బాకీగా పేరుకుపోయేది. నలభై అయిదేళ్ళు వచ్చేసరికి ఆ బాకీ 36 డాలర్ల దాకా పెరిగేది. పత్తి చేలల్లో పాలుకు చేసుకునే మనిషి ఆ మొత్తాన్ని కళ్ళతో చూడడమే గగనం. అర్హత ఉన్న నల్లవారు లక్షా 80 వేలకు పైగా ఉంటే, రాజ్యాంగం అమలైన రెండు మూడేళ్ళకు ఓటర్ల జాబితాలో మిగిలినవాళ్ళు 3 వేల మంది. పేద తెల్లవాళ్ళు కూడా వేలకొద్దీ ఓటు పోగొట్టుకున్నారు.

ఇక్కడ పన్ను రాబడి కోసం పెట్టింది కాదు. మనిషిని బయట నిలబెట్టడానికి పెట్టింది. ఈ తలపన్ను 1960ల నడుమ దాకా బతికింది. జాతీయ ఎన్నికలకు 1964లో రాజ్యాంగ సవరణతో, రాష్ట్ర ఎన్నికలకు 1966లో కోర్టు తీర్పులతో పోయింది.

అదే రాజ్యాంగం రెండో పని కూడా చేసింది. పేదవాడి తల మీద పన్ను వేసిన చేత్తోనే, భూస్వామి భూమి మీద పన్నుకు మూత బిగించింది. రాష్ట్రం వేసే ఆస్తిపన్ను విలువలో 0.65 శాతం దాటరాదని రాజ్యాంగంలోనే రాసేశారు. జిల్లాలు, ఊళ్ళు వేసుకునే పన్నుకు కూడా పరిమితులు పెట్టారు. ఎందుకింత జాగ్రత్త? పత్తి భూములున్న జిల్లాల్లో నల్లవారే ఎక్కువమంది. ఎప్పటికైనా వాళ్ళ చేతికి ఓటొస్తే, ఆ ఓటుతో తమ పిల్లల బడికోసం దొరల భూమి మీద పన్ను వేస్తారేమోనన్న భయం. ఓటు తిరిగొచ్చినా సరే, పన్ను వేసే అధికారం మాత్రం చేతికి రాకుండా ముందే తాళం వేసుకున్నారు. మన దగ్గర భూసంస్కరణల చట్టం వస్తుందనగానే కుక్కల పేరు మీదా, పాలేర్ల పేరు మీదా భూములు రాయించుకున్న పెద్దమనుషుల తెలివి ఇదే. కాకపోతే అలబామా దొరలు దాన్ని రాజ్యాంగంలోకే ఎక్కించుకున్నారు.

ఓటు వచ్చాక వేసిన మూత

1965లో సెల్మా నుంచి మాంట్‌గొమరీ దాకా పాదయాత్ర జరిగింది. అదే ఏడాది ఓటుహక్కు చట్టమొచ్చింది. నల్లవారు జాబితాలకెక్కారు. 1971లో ఒక ఫెడరల్ కోర్టు, ఆస్తుల విలువ కట్టడంలో ఒక్కో జిల్లాకు ఒక్కో న్యాయం నడుస్తోందని, ఇది చెల్లదని తేల్చింది. సక్రమంగా విలువ కడితే పెద్ద కమతాల మీద పన్ను పెరగాలి. అప్పుడేం చేశారు? 1972లో ఒకసారి, 1978లో మరోసారి రాజ్యాంగాన్ని సవరించారు. ఆ ఏళ్ళల్లో గవర్నరు జార్జ్ వాలెస్. వేర్పాటు ఎప్పటికీ ఉంటుందని 1963లో ప్రమాణస్వీకారం రోజునే ప్రకటించిన మనిషి. భూముల్ని తరగతులుగా విడగొట్టి, వ్యవసాయ భూమికీ, కలప అడవులకూ విలువలో 10 శాతం మీదే పన్ను లెక్క కట్టాలన్నారు. ఆ విలువ కూడా మార్కెట్ ధర కాదు, ఇప్పుడు దేనికి వాడుతున్నారో దాన్నిబట్టి కట్టిన ధర. పైగా మొత్తం పన్నుకు మరో మూత పెట్టారు. ఆ రాష్ట్రంలో దీన్ని జనం 'మూత బిల్లు' అనే పిలుచుకున్నారు.

ఫలితం 2002 నాటికి ఎట్లా ఉందంటే, అలబామాలో స్థిరాస్తిలో దాదాపు 71 శాతం కలప భూమే. ఆస్తిపన్నులో దాని వాటా 2 శాతంలోపు. సగటున ఎకరానికి ఏడాదికి ఒక డాలరు కూడా లేదు. ఆ భూముల్లో చాలా భాగం కాగితం, కలప కంపెనీలదీ, ఊళ్ళో కూడా ఉండని పెద్ద భూస్వాములదీ. అలబామా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించే సూజన్ పేస్ హామిల్ 2002లో ఈ లెక్కలన్నీ బయటపెట్టి, ఈ పన్నుల విధానం బైబిలు చెప్పే న్యాయానికే విరుద్ధమని వాదించింది.

భూమి మీద రాని డబ్బు మరెక్కడినుంచో రావాలి కదా. అది తిండి మీద వచ్చింది. బియ్యం, పాలు, రొట్టె, పసిపిల్లల ఆహారం, ఏది కొన్నా రాష్ట్రానికి 4 శాతం అమ్మకపు పన్ను. ఊరి పన్ను, జిల్లా పన్ను కలిస్తే చాలాచోట్ల 8 నుంచి 10 శాతం. ఇక ఆదాయపు పన్ను. నలుగురున్న కుటుంబం ఏడాదికి 4,600 డాలర్లు సంపాదిస్తే చాలు, రాష్ట్రానికి పన్ను కట్టాలి. దేశంలో ఇంత తక్కువ పరిమితి మరెక్కడా లేదు. పెద్ద ఆదాయాల వాళ్ళేమో తాము కేంద్రానికి కట్టిన ఆదాయపు పన్నునంతా రాష్ట్రపు లెక్కలోంచి మినహాయించుకోవచ్చు. అన్నీ కలిపి చూస్తే, 13 వేల డాలర్లలోపు సంపాదించేవాళ్ళు తమ ఆదాయంలో 10.9 శాతం రాష్ట్ర, స్థానిక పన్నులకింద కడుతున్నారు. 2 లక్షల 29 వేల డాలర్లు దాటినవాళ్ళు 4.1 శాతం కడుతున్నారు. ఎంత కింద ఉంటే అంత బరువు.

కేటో కొలబద్ద పెట్టి చూస్తే ఇది 'తక్కువ పన్నుల రాష్ట్రం'. తలసరి ఆస్తిపన్నులో దేశంలోకెల్లా తక్కువ. ఎవరికి తక్కువ అన్నది మా ప్రశ్న.

రైలీ ఏం చేయబోయాడు

బాబ్ రైలీ రిపబ్లికన్. క్లే కౌంటీలోని ఆష్‌ల్యాండ్ అనే చిన్న పట్నం మనిషి. 1997 నుంచి ఆరేళ్ళు కాంగ్రెసులో ఉన్నప్పుడు ఒక్క పన్ను పెంపుకీ ఓటు వేయలేదని చెప్పుకున్నవాడు. 2002లో మూడువేల పైచిలుకు ఓట్ల తేడాతో గవర్నరయ్యాడు. గద్దె ఎక్కేసరికి ఖజానాలో 67.5 కోట్ల డాలర్ల లోటుంది. అంతవరకు ఏ గవర్నరైనా చేసే పని బడి ఖర్చు, ఆసుపత్రి ఖర్చు కోయడం. రైలీ 2003లో ఏడాదికి 120 కోట్ల డాలర్ల కొత్త రాబడినిచ్చే పన్నుల సంస్కరణ పెట్టాడు. రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది లేదు.

అందులో పేదవాడికి నేరుగా తగిలే అంశమేమిటంటే, ఆదాయపు పన్ను మొదలయ్యే పరిమితిని 4,600 డాలర్ల నుంచి 17 వేలు దాటేదాకా పెంచడం. పెద్ద ఆదాయాలవాళ్ళ కేంద్రపన్ను మినహాయింపుకు కత్తెర వేయడం. కలప భూముల రాయితీని బాగా తగ్గించడం. వచ్చిన డబ్బును ప్రధానంగా చదువుకు పెట్టడం. దీన్ని ఆయన చర్చి భాషలో చెప్పాడు. అందరికన్నా తక్కువవాళ్ళుగా ఉన్నవాళ్ళను ఆదుకోవడం క్రైస్తవుడి విధి అన్నాడు. చిత్రమేమిటంటే ఆ రాష్ట్రపు క్రిస్టియన్ కొయలిషనే దీనికి ఎదురు తిరిగింది. రైతుల పేరుతో నడిచే పెద్ద భూకామందుల సంఘం, కలప కంపెనీలు డబ్బు గుమ్మరించి ప్రచారం చేశాయి.

రాజ్యాంగ సవరణ కాబట్టి ప్రజాభిప్రాయానికి పెట్టాల్సి వచ్చింది. 2003 సెప్టెంబరు 9న ఓటింగ్. మూడింట రెండొంతుల మంది వద్దన్నారు.

పేదవాడి 'వద్దు'ను ఎట్లా చదవాలి

ఈ ఓటమిని అప్పటి వ్యాఖ్యాతలు రెండు రకాలుగా చదివారు. కుడిపక్షం వాళ్ళు, చూశారా, పేదవాళ్ళకు కూడా పన్ను పెంపు ఇష్టం లేదు అన్నారు. ఉదారవాదులు, పాపం వాళ్ళకు తమ మేలేదో తెలియలేదు అని జాలిపడ్డారు. మేలు కలగబోయే పేదలలో, నల్లవారిలో కూడా చాలామంది వద్దనడమో, ఓటుకే రాకపోవడమో జరిగిన మాట వాస్తవం. కానీ ఈ రెండు చదువులూ తప్పే అంటున్నాం.

వందేళ్ళపాటు పన్నంటే తమ దగ్గర తీసుకోవడమే గానీ తమకు ఇవ్వడం చూడని జనం వాళ్ళు. తలపన్ను కట్టలేక ఓటు పోగొట్టుకున్న తాతల మనవలు వాళ్ళు. సంస్కరణ అన్న పేరుతో మాంట్‌గొమరీ నుంచి వచ్చిన ఏ కాగితమూ వాళ్ళ బడి కప్పు బాగుచేసిన అనుభవం లేదు. అట్లాంటి మనిషికి మూడు నెలల గడువిచ్చి, వందల పేజీల ప్యాకేజీ చేతిలో పెట్టి, నన్ను నమ్ము అంటే ఎట్లా నమ్ముతాడు? దీన్ని అజ్ఞానం అనడం అగ్రజాతి అహంకారం. ఇది అనుభవం నేర్పిన అపనమ్మకం. మన వాడల్లో ఇళ్ళ పట్టాలిస్తామని వేలిముద్రలు వేయించుకునేటప్పుడు ముసలమ్మ నాలుగుసార్లు వెనక్కీ ముందుకీ చూస్తుందే, అదే.

మరో వాదం కూడా ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. నల్లజాతి చిన్న రైతులు కొందరు, ఆస్తిపన్ను పెరిగితే తాతలనాటి నాలుగెకరాలు వేలానికొస్తాయని భయపడ్డారు. అమెరికా దక్షిణాదిలో నల్లవారి భూములు పన్ను బాకీల వేలాల్లో పరాయిపాలైన చరిత్ర పెద్దది. ఈ భయానికి విలువివ్వాలి. కానీ దీనికి విరుగుడు కంపెనీల లక్షల ఎకరాలకు రాయితీ కొనసాగించడం కాదు. చిన్న కమతానికీ, ఉన్న ఇంటికీ మినహాయింపు గట్టిగా రాసి, పెద్ద కమతాన్ని వేరు చేయడం. చిన్నవాడి నాలుగెకరాలను అడ్డుపెట్టుకుని పెద్దవాడి నలభైవేల ఎకరాలను కాపాడుకోవడం మనకు కొత్తేం కాదు. రైతు పేరు చెప్పి భూస్వామి లాభపడ్డ ప్రతి పథకంలోనూ మనం చూసిందే.

మరి రైలీకి మేం వేసే మార్కు

రైలీని మేం దేవుణ్ణి చేయదల్చుకోలేదు. ఆయన ప్యాకేజీలో లోపాలున్నాయి. అన్నిటికన్నా పేదవాణ్ణి పిండే తిండి మీది పన్నును ఆయన ముట్టుకోలేదు. 1901 గురించి, జాతి గురించి నేరుగా మాట్లాడకుండా దయ గురించే ఎక్కువ మాట్లాడాడు. దయ ఇచ్చేవాడి గొప్ప. హక్కు పుచ్చుకునేవాడి గౌరవం. పన్నుల న్యాయాన్ని దయగా చెప్పినప్పుడు, దాన్ని నిరాకరించేవాడికి పోయేదేమీ ఉండదు, కాస్త దయ తక్కువ అనిపించుకుంటాడు అంతే. అన్యాయంగా తీసుకున్నది తిరిగిచ్చేయమంటున్నాం అని చెప్పి ఉంటే వాదం వేరుగా ఉండేది.

ఓడిపోయాక ఆయన వెనకడుగు వేసిన సంగతి కూడా చెప్పాలి. ఖర్చులు కోశాడు. 2004లో సిగరెట్ పెట్టె మీద పన్ను 16.5 సెంట్ల నుంచి 42.5 సెంట్లకు పెంచారు. కలప కంపెనీని అడగలేకపోయిన డబ్బును కూలివాడి జేబులో వెతికారన్నమాట. అయితే 2006లో ఆదాయపు పన్ను పరిమితిని 4,600 నుంచి 12,600 డాలర్లకు పెంచే చట్టం మీద ఆయనే సంతకం చేశాడు. మొదట అనుకున్నంత కాదు గానీ, చిన్న సంగతీ కాదు. వేలాది కూలి కుటుంబాల మీద బరువు తగ్గింది.

కాబట్టి మా లెక్క ఇది. పన్ను మొత్తం పెంచబోయాడు కాబట్టి చెడ్డ గవర్నరు అనే కొలత 2003 నాటి రైలీని అర్థం చేసుకోలేదు. పేదవాడి పన్ను తగ్గించి పెద్దవాడి పన్ను పెంచడం, పేదవాడి పన్ను పెంచి పెద్దవాడి పన్ను తగ్గించడం, ఈ రెండూ ఒకటి కావు. ప్రయత్నానికి ఆయనకు మార్కు పడాలి. తిండిపన్నును వదిలేసినందుకూ, ఓడిన తర్వాత మళ్ళీ ఆ పెద్ద గోడ జోలికి పోనందుకూ మార్కు కోయాలి.

'ఎ' గ్రేడు కథ

పోల్చుకోవడానికి కేటో నుంచి 'ఎ' గ్రేడు తెచ్చుకున్న గవర్నరును కూడా చూడాలి కదా. కాన్సస్ గవర్నరు శామ్ బ్రౌన్‌బాక్ 2012లోనూ, 2014లోనూ 'ఎ' తెచ్చుకున్నాడు. మన తెలుగువాళ్ళకు ఆ రాష్ట్రం పేరు 2017 ఫిబ్రవరిలో ఒలేతాలో జాతిద్వేషంతో జరిగిన తెలుగు ఇంజనీరు హత్య ద్వారా తెలుసు. దాని రాజధాని టొపీకా మీదనే 1954లో బడుల్లో జాతివేర్పాటు చెల్లదన్న ప్రసిద్ధ తీర్పు వచ్చింది.

2012 మే నెలలో బ్రౌన్‌బాక్ సంతకం పెట్టిన చట్టం ఆదాయపు పన్ను పై రేటును 6.45 నుంచి 4.9 శాతానికి దించింది. సొంత వ్యాపార సంస్థల పేరుతో వచ్చే ఆదాయానికి పన్ను పూర్తిగా ఎత్తేసింది. అదే చట్టం, పేదలకు తిండి మీద అమ్మకపు పన్నులో కొంత తిరిగిచ్చే ఏర్పాటును రద్దు చేసింది. మరుసటి ఏడాది తిరిగి తెచ్చినా, ఆదాయపు పన్ను బాకీ లేని నిరుపేదకు అందకుండా తెచ్చారు. ఖజానా ఖాళీ అయ్యేసరికి 2015లో అమ్మకపు పన్ను 6.15 నుంచి 6.5 శాతానికి పెంచారు. అది తిండికీ వర్తించింది. డబ్బులు చాలక కొన్ని బడులు ఆ ఏడు వేసవి సెలవులకు ముందే మూతపడ్డాయి. 2017 మార్చిలో, చదువుకు ఇస్తున్న నిధులు చాలవని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చివరకు 2017 జూన్‌లో ఆయన సొంత పార్టీ సభ్యులే ప్రతిపక్షంతో కలిసి, ఆయన వీటోను తోసేసి పన్నులు తిరిగి పెంచారు.

పైవాడికి తగ్గించి కిందివాడికి పెంచినా కొలబద్ద మీద మొత్తం తగ్గింది కాబట్టి 'ఎ'. మొత్తం చూస్తే మనిషి కనపడడు. మన సగటు ఆదాయాల లెక్క కూడా అంతే కదా. దొరగారి వెయ్యి, పాలేరు పది కలిపి రెండుతో భాగించి, ఊరు బాగుపడిందంటారు.

మాట తుడిచారు, లెక్క తుడవలేదు

అలబామా రాజ్యాంగంలో బడులు జాతులవారీగా వేరుగా ఉండాలన్న వాక్యాలు, తలపన్ను వాక్యాలు చెల్లకుండా పోయినా అచ్చులో అట్లాగే ఉన్నాయి. 2004 నవంబరులో వాటిని తీసేయాలని ప్రజాభిప్రాయం పెట్టారు. దాదాపు 14 లక్షల ఓట్లలో రెండువేల కన్నా తక్కువ తేడాతో ఓడింది. ఎదురు ప్రచారం చేసినవాళ్ళు ఏమన్నారు? వేర్పాటు మాటలు ఉండాలని అనలేదు. ఆ సవరణతో చదువు హక్కవుతుందని, అప్పుడు కోర్టులు పన్నులు పెంచమంటాయని భయపెట్టారు. జాతికీ పన్నుకూ ఉన్న బంధాన్ని మేం కనిపెట్టక్కర్లేదు. వాళ్ళే చెప్పారు.

కోర్టుకు కూడా వెళ్ళారు. 2004లో ఒక ఫెడరల్ జడ్జి, ఆస్తిపన్నుల పరిమితుల మూలాలు జాతి వివక్షలోనే ఉన్నాయని ఒప్పుకుంటూనే, విశ్వవిద్యాలయాల వేర్పాటు కేసులో దాని మీద ఊరట ఇవ్వలేనన్నాడు. 2011లో మరో జడ్జి 800 పేజీలు దాటిన తీర్పులో చరిత్రంతా రాసి, వాదులకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. చరిత్ర మీది, చట్టం మాది అన్నట్టు. కారంచేడు, చుండూరు కేసుల తీర్పుల కోసం ఏళ్ళకేళ్ళు కాచుకున్న మనకు ఈ న్యాయం ఎట్లాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు.

2022 నవంబరులో జనం భారీ మెజారిటీతో కొత్తగా కూర్చిన రాజ్యాంగాన్ని ఆమోదించారు. జాతివివక్ష మాటలన్నీ పోయాయి. పన్ను పరిమితులు మాత్రం ఉండిపోయాయి. హరిజన అన్న మాట తీసేసి దళిత అని రాసినంత మాత్రాన శ్మశానానికి దారి రాదు. తిండిపన్ను విషయంలో మాత్రం కదలిక వచ్చింది. 2023 సెప్టెంబరులో రాష్ట్రపు వాటా 4 నుంచి 3 శాతానికి, 2025 సెప్టెంబరులో 2 శాతానికి తగ్గింది. దశాబ్దాలపాటు శాసనసభలో నల్లజాతి సభ్యులూ, పేదల సంఘాలూ అడుగుతూ వచ్చిన దాంట్లో సగం.

ఖర్చు ఆగిపోయే పొలిమేర

పన్ను సంగతి ఇదైతే ఖర్చు సంగతి చూడ్డానికి లౌండ్స్ కౌంటీకి పోవాలి. సెల్మా పాదయాత్ర దారి ఆ కౌంటీ మీదుగానే పోతుంది. నల్లచిరుతను గుర్తుగా పెట్టుకుని 1960ల నడుమ నల్లవారు సొంత రాజకీయ సంఘం పెట్టుకున్నదీ అక్కడే. ఆ గుర్తే తర్వాత కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్ పార్టీకి, ఆ పేరే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లకు దారిచూపింది. మన ఉద్యమం పేరుకు వేరు ఆ మట్టిలో ఉంది.

ఆ మట్టి నీరు ఇంకని జిగట నల్లమట్టి. మురుగు కాలువల వ్యవస్థ అందని ఇళ్ళు వందలకొద్దీ ఉన్నాయి. ఇంటి మలం గొట్టం గుండా పెరట్లోకే పోతుంది. ఆ నేలకు పనికొచ్చే సెప్టిక్ ట్యాంకు పెట్టుకోవాలంటే వేలకు వేల డాలర్లు. పెట్టుకోకపోతే నేరమని కేసులు. 2017లో పరిశోధకులు అక్కడ 55 మందిని పరీక్షిస్తే 19 మందిలో కొంకిపురుగు జాడ కనపడింది. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో! 2023 మేలో అమెరికా న్యాయశాఖ పౌరహక్కుల చట్టం కింద రాష్ట్ర ఆరోగ్యశాఖతో ఒప్పందం చేయించింది. కేసులు ఆపాలని, పరిష్కారం చూపాలని. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్నే రద్దు చేసింది. ఇది వైవిధ్యం పేరుతో నడిచే కార్యక్రమమట, ఇకమీదట అట్లాంటివి వద్దట.

పెరట్లో మలం ఉండకూడదని అడగడం వైవిధ్యమా! మన మునిసిపాలిటీల్లో భూగర్భ మురుగునీటి పథకం మెయిన్ రోడ్డుకొచ్చి ఆగిపోయి, దిగువన ఉన్న పేటలోకి ఊరి మురుగంతా తెరుచుకోవడం చూసినవాళ్ళకు లౌండ్స్ కొత్త ఊరు కాదు. ఇట్లాంటిచోట 'ఖర్చు తగ్గించిన గవర్నరు'కు 'ఎ' వేయడమంటే, పెట్టని ఖర్చుకు బహుమతి ఇవ్వడమే.

మన కొలబద్ద

చివరగా మన సంగతి. మన ముఖ్యమంత్రుల్ని కూడా పత్రికలు ఇట్లాగే కొలుస్తాయి. లోటు ఎంత, అప్పు ఎంత, వృద్ధి రేటు ఎంత అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగినప్పుడు ప్రభుత్వం మొదట చెప్పింది ఆరోగ్యం సంగతి కాదు, ఆదాయం సంగతి. 1995లో తెచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేసినప్పుడూ ఖజానానే చూపించారు. కూలి డబ్బుల్లోంచి వచ్చే రాబడితో నడిచే ఖజానా ఏ వాడకు రోడ్డు వేసిందని అప్పుడెవరూ అడగలేదు.

ఎస్సీ జనాభా నిష్పత్తి ప్రకారం ప్రణాళిక నిధులు పక్కన పెట్టాలన్న ప్రత్యేక అంశ ప్రణాళిక 1979 నుంచీ కాగితం మీద ఉంది. అవి దారి మళ్ళుతున్నాయని ఏళ్ళతరబడి పోరాడితే, 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపప్రణాళిక చట్టమైంది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. చట్టమైతే వచ్చింది. రింగురోడ్డు మీద దళితుడు కూడా నడుస్తాడు కాబట్టి అందులో కొంత దళితుల ఖర్చే అని రాసుకునే గుమాస్తాగిరీ మాత్రం పోలేదు.

అందుకని ఏ పాలకుడి పన్నుల, ఖర్చుల లెక్క ముందుకొచ్చినా మనం నాలుగు ప్రశ్నలు వేయాలని మేం ప్రతిపాదిస్తున్నాం. ఒకటి, అట్టడుగు అయిదో వంతు జనం ఆదాయంలో పన్ను వాటా పెరిగిందా, తగ్గిందా? రెండు, భూమి, ఆస్తి ఉన్నవాడి వాటా ఎంత, అది పెరగకుండా ఎవరు ఎప్పుడు తాళం వేశారు? మూడు, ఖర్చు పెట్టిన రూపాయి వాడ గడప దాటిందా, మెయిన్ రోడ్డు మీదే ఆగిందా? నాలుగు, ఆ నిర్ణయం తీసుకున్న గదిలో మనవాళ్ళకు కుర్చీ ఉందా, లేక ఓటు పెట్టె మాత్రమే పంపించారా?

ఈ నాలుగూ అడిగితే అలబామాలో 'తక్కువ పన్ను' అన్న మాట వెనక వందేళ్ళ దోపిడీ కనపడుతుంది. కాన్సస్‌లో 'ఎ' గ్రేడు వెనక మూతపడ్డ బడి కనపడుతుంది. మన దగ్గర ఏం కనపడుతుందో లెక్క తీయాల్సింది మనమే. బడ్జెట్ పుస్తకం వచ్చిన రోజున దాన్ని ఆర్థికవేత్తలకు వదిలేసి మనం విగ్రహాల దగ్గరకు పోతున్నాం. విగ్రహం చేతిలో ఉన్న పుస్తకం రాజ్యాంగం. ఆయన అంతకు పాతికేళ్ళ ముందు రాసింది ఖజానా గురించి. రెండు పుస్తకాలూ చదవకపోతే మనకు వచ్చేది సగం అంబేద్కరే.